మడలంకలో ఒకే నోరు

సోమవారం. పోటు.

మంచినీళ్ల యంత్రం సక్రమంగా నడుస్తోంది. నీళ్లలో ఉప్పు తక్కువ. మూడో జల్లెడకి నాచు పట్టింది, కడిగాను. అందులో ఒక పీత దొరికింది. వదిలేశాను.

ట్యాంకు మీద మేక ఎక్కింది. మూతకి గీతలు పడ్డాయి కాబట్టి యంత్రం నమోదులో ఇది కూడా రాస్తున్నాను. మేక పేరు కలెక్టరు. పక్క తెప్ప మీద ఉండే మంగతాయారు గారిది. మడలంకలో ఇళ్లన్నీ తెప్పల మీదే. మా రెండు తెప్పలూ ఒకే మడచెట్టుకి కట్టి ఉన్నాయి. గాలి వస్తే గడపలు తాకుతాయి. మేకకి ఆ మాత్రం వంతెన చాలు.

“దిగరా కలెక్టరూ! ఇంజినీరు గారు చూశారంటే మనకి నీళ్లు ఆపేస్తారు” అంటోంది ఆవిడ. నేను ఆవిడ వెనకే నిలబడి ఉన్నాను.

“చూశానండి” అన్నాను.

“చూశారా? మరైతే అటుపక్కనించి అదిలించండి. ఊరికే చూడ్డం దేనికి?”

అదిలించాను. మేక నన్ను చూసింది. కదల్లేదు.

సాయంత్రం అరుగుకి పంపవలసిన మాటలు సరిచేశాను. నా తర్వాత ఈ యంత్రం చూసేవారికి తెలియాలి కాబట్టి రాస్తున్నాను: అరుగు అంటే ఇంటి ముందు కూర్చునేది కాదు. యుద్ధంలో ఉన్న ఊళ్ల జనం తమ రోజు ఎలా గడిచిందో చెప్పుకునే చోటు. మైకులో చెబితే ఊరి స్తంభం దాన్ని గాలిలోకి పంపుతుంది. మన రేవు కూటమి వాళ్లు వినవచ్చు, అవతలి మెట్ట కూటమి వాళ్లు వినవచ్చు. ఒక యంత్రం కూడా వింటుంది. దాన్ని అందరూ చెవి అంటారు. అది ఏ పక్షానిదీ కాదు. ఫలానా ఊళ్లో మనుషులున్నారు అని చెవి చెబితే ఆ ఊరి జోలికి ఎవరి యంత్రాలూ వెళ్లకూడదు. ఇదొక్కటే రెండు పక్షాలూ ఇంకా పాటిస్తున్న ఒప్పందం. కళ్లని ఎవరూ నమ్మడం లేదు. ఇళ్ల కప్పుల మీద మనిషి ఒంటి వేడి పుట్టించే బొమ్మల్ని కూర్చోబెట్టి ఇద్దరూ మోసం చేశారు. మిగిలింది వినికిడి.

స్తంభం మీద దీపం ఆకుపచ్చగా ఉంటే మేం ఉన్నట్టు. ఎర్రగా ఉంటే లేనట్టు. ఈ రోజు పచ్చగానే ఉంది.

అరుగు పని ఇదివరకు వకుళ చూసేది. ఆషాఢం నుంచి నేను చూస్తున్నాను. కొంత క్రమం తెచ్చాను. ఊళ్లో వాళ్లు వచ్చి చెప్పింది విని, మంచి వాక్యాల్లో రాసి ఇస్తాను. వాళ్లు మైకు ముందు చదువుతారు. చదువు రానివాళ్లకి నేను అందిస్తే తిరిగి చెబుతారు. యుద్ధకాలపు సాక్ష్యం కాబట్టి అనవసరమైనవి తీసేస్తాను. మంగతాయారు గారి మాటల్లో మేక భాగం తీసేశాను.

మెట్ట వైపు నుంచి ఓబుళమ్మ అనే పెద్దావిడ మళ్లీ అడిగింది: “మేక ఏమాయె? ఆ ఆయన ఏమాయె?” ఏ ఆయనో తెలియలేదు. జవాబులు చెప్పే పద్ధతి నేను పెట్టుకోలేదు. వకుళ చెప్పేది.

బుధవారం. ఆటు.

ఉప్పు తక్కువ. మోటారు కొంచెం వేడెక్కుతోంది. తడిగుడ్డ వేశాను.

దీపం పసుపుపచ్చకి తిరిగింది.

స్తంభం చూసే జుబేదా పరుగెత్తుకుంటూ వచ్చింది. తెప్పల మీద పరుగెత్తకూడదని పిల్లలకి చెప్పేది ఆ అమ్మాయే.

“బాబాయ్, చెవి ఏం పంపిందో చూడు” అంది.

ఒక్క మాటే ఉంది. ‘మడలంక: సందేహం.’

“ఏం సందేహం?”

“మనం ఉన్నామా లేదా అని.”

“ఉన్నాం కదా.”

“నాకు చెప్తావేంటి బాబాయ్? నేను ఒప్పుకుంటున్నాను కదా.”

మధ్యాహ్నం ఒక తూనీగ వచ్చింది. మెట్ట వాళ్ల ఎగిరే యంత్రం, బొటనవేలంత ఉంటుంది, దారులు కొలవడానికి వస్తుంది. దీపం పచ్చగా ఉన్న ఊరి మీద అది ఎగరదు. ఇన్నాళ్లూ మేము దాన్ని చూసి ఎరగం. మంగతాయారు గారి దండెం మీద వాలింది. ఆవిడ తువ్వాలుతో కొట్టింది. తప్పించుకుంది.

“ఇంకోసారి రా, చెప్తాను నీ పని” అంది ఆవిడ.

గురువారం. పోటు.

ఉప్పు తక్కువ. మోటారు మామూలే.

ప్రెసిడెంటు సూరపరాజు గారి తెప్ప మీద సభ. జనం ఎక్కువై తెప్ప ఒక పక్కకి ఒరిగింది. లావుగా ఉన్నవాళ్లు అవతలి పక్కకి రావాలని ప్రెసిడెంటు గారు కోరారు. ఎవరూ కదల్లేదు. చివరికి ఆయనే వెళ్లారు. తెప్ప సమంగా అయింది.

“సోదరులారా” అన్నారు ఆయన. “మనల్ని మనుషులో కాదో అని అనుమానించే రోజు వచ్చింది. ఎందుకు వచ్చింది? మన మాటలో గాంభీర్యం లేక. అవతల యుద్ధం జరుగుతుంటే ఇవతల ఒకడు వల చిరిగిందంటాడు, ఒకావిడ మిరపకాయలు బూజు పట్టాయంటుంది. చెవి ఏమనుకోవాలి?”

“మిరపకాయలు బూజు పట్టాయనుకోవాలి” అంది మంగతాయారు గారు.

“చూశారా? ఇదే నేను చెప్పేది.”

పడవ నడిపే వీర్రాజు చెయ్యెత్తాడు. “నాదో మాటండి. మనం ఉన్నామని ఒకసారి గట్టిగా కేకేత్తే సరిపోదాండి?”

“సరిపోదు” అన్నారు ప్రెసిడెంటు గారు. “ఇంజినీరు గారూ, మీరు చదువుకున్నవారు. ఇంకా మంచి భాషలో, ఊరి గౌరవం నిలబడేలా రాయండి. అందరిచేతా సాధన చేయిద్దాం.”

నాకూ సబబుగానే తోచింది. ఒప్పుకున్నాను.

శుక్రవారం. ఆటు.

ఉప్పు తక్కువ.

సాధన పొద్దుటినుంచి జరిగింది. మొదటి వాక్యం ప్రెసిడెంటు గారే చేర్చారు. ‘మాన్యులైన శ్రోతలారా, యుద్ధ సమయమునందు సైతము మా మడలంక ధైర్యముతో నిలిచియున్నది.’ అందరూ అలాగే మొదలుపెట్టాలని తీర్మానం.

వీర్రాజు చాలాసేపు కష్టపడ్డాడు.

“ధైర్యముతో... ఇక్కడ ఊపిరి పీల్చుకోవాలాండీ, నిలిచియున్నది అయ్యాకా?”

“ఎక్కడ వీలైతే అక్కడ పీల్చుకో” అన్నాను.

“నిలిచియున్నది అంటే నిలబడి ఉందనేనాండి?”

“అవును.”

“మరి మనది తేల్తంది కదండీ.”

‘నిలిచియున్నది’ అలాగే ఉంచాను.

మంగతాయారు గారు ఒక్క తప్పు లేకుండా చదివింది. చదివాక, “ఇదంతా ఎవరండీ చెప్తున్నది?” అని అడిగింది.

“మీరే.”

“నేనా? ఎంత మర్యాదస్తురాల్నో!”

సాయంత్రం అన్నీ పంపాం. బాగా వచ్చాయి. ఎక్కడా దగ్గు లేదు, తడబాటు లేదు, మేక లేదు. చాలాకాలానికి ఒక పని పూర్తిగా చేశాననిపించింది.

శనివారం. పోటు.

దీపం ఎర్రగా ఉంది.

చెవి పంపిన మాటలు ఇవి. ‘మడలంక: ఒకే నోరు. మిగతావి నకళ్లు. మంగళవారం పోటు దాకా గడువు.’

గడువు దాటితే మడలంక ఖాళీ ఊరి కింద లెక్క. ఖాళీ ఊళ్లని తొక్కుకుంటూ వెళ్లవచ్చు. మెట్ట యంత్రాలకి సముద్రం దాకా దారి కావాలి. ఆ దారి మా మీదుగా ఉంది. తూనీగలు ఇప్పుడు మూడు. వాటిని మేమందరం చూస్తున్నాం. అవి మమ్మల్ని బొమ్మలనుకుంటున్నాయి.

ఊరు విడిచి వెళ్లే వీల్లేదు. పడవలన్నీ మన కూటమే యుద్ధానికి పట్టుకుపోయింది. మిగిలింది వీర్రాజు పడవ ఒకటి. అందులో ఆరుగురు పడతారు. మేక ఎక్కితే అయిదుగురు.

మళ్లీ సభ. ఈసారి తెప్ప ఒరగలేదు. ఎవరికి వాళ్లే సర్దుకుని కూర్చున్నారు. జుబేదా తెర మీద చూపించింది. “గొంతు ఎవరిదైనా నకలు చేసెయ్యొచ్చండి. అందుకని అది గొంతు పట్టించుకోదు, మాట చూస్తుంది. ఈ మాటలన్నీ ఒక్కరి నోట్లోంచే వచ్చాయంటోంది.”

“ఎవరి నోట్లోంచి?” అన్నారు ప్రెసిడెంటు గారు.

ఎవరూ నావైపు చూడలేదు. అందరూ అంత జాగ్రత్తగా చూడకపోవడం వల్ల నాకు అర్థమైంది.

“నా నోట్లోంచి” అన్నాను. “ఆషాఢం నుంచి.”

“మీ తప్పేం లేదండి” అన్నాడు వీర్రాజు. “బాగా రాశారండి మీరు. నాకైతే ఇప్పటికీ నోటికొచ్చు.”

ఇకనుంచి ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్లు మాట్లాడండి అని మైకు మధ్యలో పెట్టాను. వీర్రాజు ముందుకొచ్చాడు. గొంతు సవరించుకున్నాడు. “మాన్యులైన” అని ఆగిపోయాడు. తరువాత ఒకామె వచ్చి, ‘ఈరోజు’ అని, తర్వాత ఏమనాలో నన్ను అడిగింది. ప్రెసిడెంటు గారి అమ్మగారు మైకుకి దణ్ణం పెట్టి వెళ్లి కూర్చుంది. మూడు నెలల్లో నేను ఊరందరికీ మాట్లాడటం మాన్పించేశాను.

అప్పుడు ప్రెసిడెంటు గారు నాతో నెమ్మదిగా అన్నారు. “భుజంగరావు గారూ, మరోలా అనుకోకండి. వకుళమ్మ గారు పంపినవి పాతవి ఉన్నాయి కదా. ఆవిడ మాటల్ని చెవి ఎప్పుడూ అనుమానించలేదు. వాటినే అటూ ఇటూ మార్చి...”

నేను ఏదో అనబోయాను. మంగతాయారు గారు ముందే లేచింది.

“ఆవిడ పని ఆవిడ చేసి వెళ్లింది. మళ్లీ లేపి డ్యూటీకి పంపుతారా? సిగ్గుండక్కర్లా? మీ నోరు లేదూ? సభ పెడితే మూయించడానికి మనుషులు కావాలి మీకు!”

“నేను ఊరి కోసం...”

“ఊరి కోసమే. కూర్చోండి.”

ఆయన కూర్చున్నారు. పాతవి మళ్లీ వేస్తే చెవి గుర్తుపడుతుందని, ఆ వెంటనే గడువు కూడా పోతుందని జుబేదా చెప్పింది. ఆ మాట అక్కడితో ఆగింది.

ఇంటికి వచ్చి ఒక పాతది విన్నాను. పంపడానికి కాదు. ఆవిడ ఎలా చేసేదో తెలుసుకుందామని. ఆషాఢం తర్వాత ఆవిడ గొంతు వినడం ఇదే.

ఆవిడ ఎవరినీ మాట్లాడమని అడగలేదు. అసలు అరుగు కోసం ఏమీ చేయలేదు. మైకు పమిటకి తగిలించుకుని వంట చేసుకుంది. పోపు చిటపటలు. మంగతాయారు గారు గడప దగ్గరనుంచి ఏదో అడిగింది. మేక అరిచింది. మధ్యలో ఆవిడ, ‘రాత్రి తూర్పున పేలుళ్లు వినపడ్డాయి, మా ఊరి పిల్లలెవరూ నిద్రపోలేదు, వంకాయలు మాత్రం బాగా కాశాయి’ అంది. ఆ వరసలోనే అంది. నేనైతే వంకాయలు తీసేసేవాణ్ని.

చివర్లో ఆవిడ, “ఏవండీ, ఉప్పు సరిపోయిందా?” అంది.

“ఎక్కువైంది. ఎప్పుడూ ఎక్కువే” అని ఒక మగగొంతు గొణిగింది. “ఆ మైకు ఆపు. చార్జింగు దండగ.”

ఆవిడ నవ్వింది. మైకు ఆపలేదు.

మోటారు చూడ్డానికి వెళ్లాను. మోటారు బాగానే ఉంది. కాసేపు అక్కడే ఉన్నాను.

ఆదివారం. ఆటు.

ఉప్పు తక్కువ. మొదటి జల్లెడ మార్చాను.

పొద్దున్నే మంగతాయారు గారి గడప దగ్గర నిలబడి, ఈ రోజు ఆవిడ వంటింట్లో మైకు పెట్టుకోవచ్చా అని అడిగాను.

“ఏం చదవాలి?”

“ఏమీ చదవొద్దు. వంట చేయండి.”

ఆవిడ నన్ను తేరిపార చూసింది. “వకుళ చేసినట్టా?”

“అవునండి.”

“అయితే పీతల పులుసు పెడతాను. పీతలంటే అందరూ వస్తారు. మైకు సంగతి ఎవరికీ చెప్పకండి. చెప్పారంటే మళ్లీ మాన్యులైపోతారు.”

మైకుని ఉట్టికి తగిలించాను. పక్కన ఉల్లిపాయలు ఉన్నాయి, తేడా తెలియలేదు. పంపేముందు అందరినీ అడగాలని మేమిద్దరం ఒప్పుకున్నాం.

వీర్రాజు పీతలు తెచ్చాడు. అడక్కుండానే ఓ పచ్చి పునాస మామిడికాయ కూడా తెచ్చాడు.

“ఇదెందుకు?” అంది ఆవిడ.

“చింతపండు అయిపోయిందన్నారు కదండి. ఇదేత్తే పులుపొచ్చేత్తది.”

“పీతల పులుసులో మామిడికాయా? మీ ఇంట్లో అలా చేస్తారా?”

“మాయమ్మ చేసేదండి.”

“అందుకే మీ నాన్న సముద్రం మీదే ఉండేవాడు.”

“అయ్ బాబోయ్, మాయమ్మ జోలికి రాకండి. ఆవిడ చేతి పులుసుకి మీ ఆయన వరసగా మూడు పూటలు వచ్చాడు, గుర్తుందా?”

“మా ఆయన ఎక్కడైనా తింటాడు. ఆయనకి నాలిక లేదు, కడుపే ఉంది. ముందు నా తెప్ప గుంజకి కట్టిన నీ పడవ విప్పు. మూడు రోజుల్నించి నా తెప్ప నీ వైపుకి లాగేస్తోంది.”

“నా పడవ తేలికండి. మీ తెప్పే బరువు.”

“ఏంటి? మళ్లీ చెప్పు.”

“తెప్పండీ! తెప్పన్నాను! మిమ్మల్ననలేదు!”

జుబేదా వచ్చి గిన్నె మూత తీసి చూసింది. ఆకలేస్తోందంది. ఉపవాసమన్నావు కదా అంటే, నిన్న అంది. ప్రెసిడెంటు గారు, ఊరు ఇంత ఆపదలో ఉంటే పులుసేమిటి అని కోప్పడటానికి వచ్చారు. కోప్పడ్డారు కూడా. తరువాత పీట వేసుకుని కూర్చుని, పీత డెక్క పగలగొట్టడం వీర్రాజుకి రాదని, తాను చూపిస్తానని అన్నారు. డెక్క ఎగిరి ఆయన అమ్మగారి ఒళ్లో పడింది.

“చిన్నప్పట్నించీ ఇంతే వీడు” అందావిడ. “పెళ్లిలో లడ్డూ కూడా ఇలాగే ఎగరగొట్టాడు.”

“అమ్మా, అది ఇప్పుడు దేనికే?”

“ఎవరి పెళ్లిలోనండి?” అన్నాడు వీర్రాజు.

“వాడి పెళ్లిలోనే.”

అంతలో పైన గిట్టల చప్పుడు. సౌరపలకల మీద కలెక్టరు. అందరూ ఒక్కసారి అరిచారు, ఒక్కొక్కరు ఒక్కో సలహా. వీర్రాజు నిచ్చెన వేశాడు. మేక రెండో వైపు నుంచి దిగి, వచ్చి, నిచ్చెన కింద పెట్టిన మామిడికాయ తినేసింది.

“చూశావా?” అంది మంగతాయారు గారు. “దానికి తెలుసు అది ఎక్కడ వెయ్యాలో.”

నవ్వులు చాలాసేపు ఆగలేదు. నేనూ నవ్వాను. చప్పుడు కాకుండా నవ్వాను. మైకు ఉందని నాకు తెలుసు.

ఆఖరున ఆవిడ గరిటెతో కొంచెం పులుసు నా చేతిలో వేసింది. “ఉప్పు చూడండి. మీరే కదా మా ఊరికి ఉప్పు ఇంజినీరు. సరిపోయిందా?”

బాగుందని చేత్తో చూపించాను. మాట్లాడలేదు. బయటివాడి గొంతు మధ్యలో ఎందుకనిపించింది.

తిన్నాక అందరికీ ఉట్టి చూపించాను. ప్రెసిడెంటు గారు లడ్డూ సంగతి తీసేయమన్నారు. ఆయన అమ్మగారు ఒప్పుకోలేదు. ఒక్క మాట కూడా తీయకుండా పంపాం. వీర్రాజు దగ్గుతో సహా.

సోమవారం. పోటు.

దీపం పసుపుపచ్చకి వచ్చింది. పచ్చ కాలేదు. తూనీగలు రెండు తగ్గాయి. ఒకటి ఉంది.

చెవి పంపింది: ‘మడలంక: నోళ్లు అనేకం. ఒక ప్రశ్నకి జవాబు లేదు. ఉప్పు సరిపోయిందా అని ఎవరిని అడిగారు?’

జుబేదా అది చదివి నావైపు చూసింది. మంగతాయారు గారు కూడా. ఈసారి ఇద్దరూ జాగ్రత్తపడలేదు, సూటిగానే చూశారు.

“నేను చేత్తో చెప్పాను” అన్నాను.

“దానికి చెవే కదా బాబాయ్ ఉంది” అంది జుబేదా. “అడిగిన చోట మనిషి లేడనుకుంటోంది. అక్కడ ఖాళీ ఉంటే మిగతాదీ ఎవరో అల్లిందే అంటుంది. గడువు రేపే.”

“నాకు ఇది అలవాటు లేదు.”

“ఉప్పు సంగతి చెప్పడానికి అలవాటెందుకండీ?” అంది మంగతాయారు గారు.

ముగ్గురం స్తంభం దగ్గరకి వెళ్లాం. జుబేదా అరుగు తెరిచి మైకు నా చేతికిచ్చింది. వకుళ మైకే. క్లిప్పు దగ్గర పసుపు మరక ఉంది. ఇదివరకు గమనించలేదు.

ఏమనాలో రాసుకోలేదు.

“ఉప్పు ఎక్కువైంది” అన్నాను.

పక్కనుంచి మంగతాయారు గారు అందుకుంది. “ఏంటీ? నిన్న బాగుందన్నారు!”

“మీరు గరిటె పట్టుకుని నిలబడితే ఇంకేమంటారండి ఎవరైనా?”

“మూడుసార్లు పోసుకున్నారు!”

“ఆకలి వేసింది. ఉప్పు మాత్రం ఎక్కువే. ఈ మైకు ఆపమ్మా, చార్జింగు దండగ.”

ఆ మాట ఎందుకు వచ్చిందో తెలియదు. వచ్చింది.

తరువాత అవతలినుంచి ఒక ముసలి గొంతు గట్టిగా వినపడింది.

“ఈ ఆయనే! ఈ ఆయనేనబ్బా! యాడికి పోయినావు నాయనా ఇన్నినాళ్లు? ఆయన ఏమాయె, ఆయన ఏమాయె అని అడిగి అడిగి నా నోరు నొచ్చె. గొణిగేటోడు గొణక్కపోతే ఏమనుకోవాల? పోయినాడనుకుంటి.”

ఓబుళమ్మ గారు. మెట్ట వైపు. వాళ్ల యంత్రాలే మా మీదుగా దారి కొలుస్తున్నాయి.

“ఉన్నానండి” అన్నాను.

“ఉండావు, మంచిది. మా ఇంట్లో కూడా ఒకాయన ఉండె, నీ మాదిరే. ఉప్పని, కారమని. ఆయన పోయినంక నీ గొణుగుడు ఇంటాంటి. ఆమె ఏది? ఆ నవ్వే ఆమె?”

వకుళ సంగతి అరుగు మీద ఎప్పుడూ చెప్పలేదు. అది ఊరి వార్త కాదు, ఇంటి వార్త అనుకున్నాను. జుబేదా మైకు తీసుకోవడానికి చెయ్యి చాచింది. నేను ఇవ్వలేదు.

“ఆషాఢంలో పోయిందండి. గుండె. యుద్ధం వల్ల కాదు.”

అవతల కోడికూత వినపడింది. వాళ్ల కోళ్లు కూడా ఏ వేళకైనా కూస్తాయన్నమాట.

“వంట ఎవురు జేస్తాండారు?” అంది ఓబుళమ్మ గారు.

“నేనే.”

“ఉప్పు?”

“ఎక్కువవుతోందండి. ఎంత కొలిచి వేసినా.”

“కానీలే నాయనా. అట్లనే ఉండనీ.”

“అలాగేనండి.”

మంగతాయారు గారు కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఓబుళమ్మ గారు కూడా అదే పని చేసినట్టు చప్పుడైంది.

“ఇంగ నిజం చెప్పు” అంది ఆవిడ. “ఆ మేక దిగెనా, లేదా?”

మంగళవారం. పోటు.

యంత్రం సక్రమంగా నడుస్తోంది. నీళ్లలో ఉప్పు తక్కువ.

పోటు వచ్చింది. గడువు దాటింది. దీపం పచ్చగా ఉంది. తూనీగ లేదు. వెళ్లేముందు మంగతాయారు గారి దండెం మీద వాలిందని, ఈసారి తువ్వాలు తగిలిందని ఆవిడ చెబుతోంది. వీర్రాజు నమ్మడం లేదు. ఉదయం నుంచి వాదించుకుంటున్నారు. మైకు మళ్లీ ఉట్టి మీద ఉంది.

మామిడికాయ వేసి పులుసు పెట్టి చూపిస్తానని వీర్రాజు పంతం పట్టాడు. ప్రెసిడెంటు గారు రుచి చూసి తీర్పు చెబుతారట. నన్ను కూడా పిలిచారు, ఉప్పు చూడటానికి.

మేక ట్యాంకు మీద ఉంది. అదిలించాను. దిగలేదు. ఓబుళమ్మ గారికి చెప్పాలి.